గోడ, పెరడు, ఇల్లు

నేను ముందు గుమ్మం వదిలేసి పెరటి తలుపు నుంచి ఇంట్లోకి పోతున్నానని మా కాలనీలో పుకారు పుట్టింది. వాస్తు అని కొందరు, మొక్కు అని కొందరు, ఇంటావిడ వాకిట్లోకి రానివ్వడం లేదని ఇంకొందరు అనుకుంటున్నారట. వాస్తు కాదు, మొక్కు కాదు. ఇంటావిడ సంగతి సగం నిజం. మిగతా సగం గిటారు.

టీ చెప్పండి, మొత్తం చెప్తాను. మధ్యలో మాత్రం ఎవరూ అడ్డం పడకండి. ఆఖరు దాకా వచ్చి ఆగిపోతే ఎంత నరకమో నాకు తెలిసినంతగా ఈ గోదావరి ఒడ్డున ఇంకెవరికీ తెలియదు.

నేను బొగ్గుగనిలో పంపు నడుపుతాను. భూమి లోపల ఊరే నీళ్ళను పైకి తోడడం నా పని. ఇంటి పేరుతో ఎవరూ పిలవరు, పంపు కొండల్ అంటారు. మా ఆవిడ వనిత. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఈ ఇరవై రెండేళ్ళలో మా ఇంట్లో ఆఖరి మాట నాది అయిన సందర్భాలు రెండే రెండు. మొదటిది పెళ్ళిచూపుల్లో "సరే" అన్నాను. రెండోసారి కూడా "సరే" అనే అన్నాను.

వనిత ఆఖరి మాటకు ఒక గుర్తు ఉంది. ఎంత వాదన జరిగినా చివర "మాట అయిపోయింది" అంటుంది. అంతే, కలెక్టర్ ఆఫీసులో ముద్ర పడ్డట్టు. ఆ తర్వాత మా ఇంట్లో ఫ్యాన్ కూడా మెల్లగా తిరుగుతుంది.

ఇక గొడవ ఎక్కడ మొదలైందంటే, నా స్కూటర్ దగ్గర. కంపెనీ క్వార్టర్ వరండాలో తొమ్మిదేళ్ళుగా నిలబడి ఉంది. బయటికి పోదు, లోపలికి రాదు. ప్రతి ఆదివారం దాన్ని తుడిచి, దాని మీద కూర్చుని పేపర్ చదువుతాను. కొత్త పెళ్ళికూతురిగా వనితను మంథని నుంచి ఈ క్వార్టర్‌కు దాని మీదే తెచ్చాను. దారిలో రెండుసార్లు ఆగింది, ఇద్దరం కలిసి తోశాం. నాకు ఆ స్కూటర్ అంటే ప్రాణం. ఇందులో దాచేది ఏమీ లేదు.

వనిత ఈ మధ్య మగ్గం వర్క్ నేర్చుకుంది. మగ్గం అంటే నేసేది కాదు. మంచమంత చెక్క చట్రం, దాని మీద జాకెట్టు గుడ్డ బిగించి సూదితో జరీ, పూసలు కుట్టేది. దానికి పగటి వెలుతురు కావాలి. మా క్వార్టర్‌లో పగటి వెలుతురు పడేది వరండాలోనే.

"నాకు వరండా కావాలె," అన్నది ఒక శనివారం.

"వరండాల స్కూటర్ ఉన్నది కదనే."

"ఉన్నదని నాకూ ఎరుకే. గది స్కూటర్ కాదు. తువ్వాలలు ఆరేసే దండెం."

"జర రిపేర్ చేస్తె మంచిగ నడుస్తది."

"నడుస్తది. నువ్వు నూకినంత సేపు నడుస్తది. వచ్చే ఐతారం పాత సామాన్ల కైలాసం ట్రాలీ ఆటో తెస్తడు, నేను చెప్పిన. మాట అయిపోయింది."

ఫ్యాన్ మెల్లగా తిరిగింది. నాకు ఎనిమిది రోజులు మిగిలాయి.

ఆ సాయంత్రమే మా అమ్మాయి భూమిక కరీంనగర్ హాస్టల్ నుంచి వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతోంది. మొదటి ఏడు గిటారు కావాలని అలిగి కొనిపించుకుంది. పదకొండు రోజులు వాయించింది, పన్నెండో రోజు పరీక్షలు వచ్చాయి. అప్పటి నుంచి గిటారు గోడకు ఉంది. ఆ రోజు ఎందుకో దించి దుమ్ము తుడుస్తోంది.

"బిడ్డా, నాకు జర ఏదన్న నేర్పు," అన్నాను. మనసు బాగా లేనప్పుడు మనిషి ఏదైనా నేర్చుకుంటాడు.

భూమిక నా వేళ్ళు పట్టుకుని చూసింది. "పంపు వాల్వులు తిప్పిన వేళ్ళు బాపు ఇవి. సన్నపనులు రావు. నీకు రాక్ మ్యూజికే దిక్కు."

గిటారు తీగలన్నీ కలిపి ఒక్కసారి మీటితే వచ్చే మోతను కార్డ్ అంటారట. రేషన్‌తో దానికి సంబంధం లేదు. దాన్నట్లా విడమరిచి చెప్పి, అసలు విషయంలోకి వచ్చింది.

"పాట అంటె ఏంది బాపు? ఇల్లు ఇడిచి పోవుడు, తిరిగి ఇంటికి వచ్చుడు. గంతే. మధ్యల యాడన్న తిరుగు, ఎవరడుగుతరు? ఎట్ల వాపస్ వచ్చినవన్నదే ముచ్చట. గా వచ్చే ఆఖరి మలుపును కేడెన్స్ అంటరు."

నాకు అర్థమయ్యేలా కార్డులకు పేర్లు పెట్టింది. ఇ అనేది ఇల్లు. బి అనేది వాకిలి. ఎ పెరడు. డి కాంపౌండ్ గోడ. మా క్వార్టర్ నక్షా మొత్తం గిటారు మీదికి ఎక్కింది.

"నెమ్మదస్తు పాటలన్నీ వాకిట్లకెల్లి వస్తయి," అని వాకిలి మీటి ఇల్లు మీటింది. "విన్నవా? గా వాకిలి కార్డ్ల ఒక స్వరం ఉంటది. ఇంటికి అరడుగు దూరంల నిలబడి, తలుపు తియ్యుండ్రి, తలుపు తియ్యుండ్రి అని బతిమాలుతది. కాళ్ళు కడుక్కోని లోపటికి పోతది."

"మంచి అలవాటే కదా."

"మంచిదే. గాని రాక్ మ్యూజిక్ చాన సార్లు వాకిలి మొఖమే సూడది. గోడ దుంకుతది, పెరట్లకెల్లి ఇంట్లకొస్తది. గీ తొవ్వల గా బతిమాలే స్వరమే ఉండది. గందుకే గా పాటలకు గంత మొండితనం. ఎన్నో పాటలు గీ మూడింటి మీదనే నడుస్తయి."

గోడ, పెరడు, ఇల్లు అని మీటింది. డాం, డాం, డాఁయ్. నిజంగానే ఎవరో గోడ దూకి, పెరట్లో బకెట్ తన్ని, వంటింట్లోకి వచ్చి చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డట్టు ఉంది. అడగడం లేదు, చెప్తున్నాడు. ఆ మూడో దెబ్బ తర్వాత ఇంక ఎవరికీ మాట్లాడే అవకాశం లేదనిపించింది.

నేను కూడా ప్రయత్నించాను. వాకిలికి ఒక్క వేలితో తీగలన్నీ అదిమి పట్టాలట, నా వేలికి రాలేదు. గోడ, పెరడు, ఇల్లు మాత్రం గంటలో పట్టుబడ్డాయి. మూడో దెబ్బ కొట్టి గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది. నాకు ఆలోచన వస్తే అందరికంటే ముందు పరేషాన్ అయ్యేది నేనే అన్న సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఆదివారం సాయంత్రం భూమిక హాస్టల్‌కు బస్సెక్కింది. గిటారు నా దగ్గర ఉండిపోయింది.

సోమవారం నేను మొదటి షిఫ్టు చేసి నాలుగింటికి ఇంటికి వచ్చేసరికి వనిత బాత్రూం దగ్గర నిలబడి ఉంది.

"పొద్దుగాల లైటు బంద్ చెయ్యకుంట పోయినవ్. కంపెనీ కరెంటని గట్ల ఇడిసిపెడుతరా? రేపటి సంది నేను లేసి చూడాల్నా?"

మామూలుగా అయితే "మర్చిపోయినే" అంటాను, ఆమె ఇంకో నాలుగు అంటుంది. ఆ రోజు ఏమీ అనలేదు. గిటారు తీసి గోడ, పెరడు, ఇల్లు వాయించాను.

వనిత నోరు తెరిచింది. మూసింది. గిటారును చూసి, నన్ను చూసి, లైటు ఆర్పి లోపలికి పోయింది.

ఇరవై రెండేళ్ళ తర్వాత దొరికిన గెలుపు ఎలా ఉంటుందో చెప్పలేను. రెండు పూటలు అన్నం మానేసినా ఫరవాలేదనిపించింది. రెండు పూటలూ తిన్నాను, అది వేరే విషయం.

మంగళవారం కూరలో ఉప్పు నేనే ఎక్కువ వేశానన్న ఆరోపణ మీద వాయించాను. తడి తువ్వాల మంచం మీద పడేశానన్న దాని మీద వాయించాను. మా బావమరిదిని భైంసా నుంచి పిలిచి పది రోజులు ఉంచుకుందామన్నప్పుడు కొంచెం గట్టిగానే వాయించాను. బుధవారం పొద్దున వనిత అసలు విషయం ఎత్తింది.

"ఐతారం కైలాసం వస్తడు. యాదికుంచుకో. మాట అయిపోయింది."

డాం, డాం, డాఁయ్.

ఆమె ముద్ర మీద నా ముద్ర పడింది. వనిత చేటలో బియ్యం చెరుగుతూ కూర్చుంది. నేను వరండాలోకి పోయి స్కూటర్ సీటు మీద చేయి వేసి, ఫికర్ చెయ్యకు అన్నాను.

ఇక్కడ మా కాలనీ సంగతి ఒకటి చెప్పాలి. గనికి మూడు షిఫ్టులు. కాబట్టి మా కాలనీలో ఏ గంటలో చూసినా ఎవరో ఒకరు నిద్రపోతుంటారు. మా గోడకు అవతల ఓవర్‌టైం రాజలింగు ఉంటాడు. ఆ వారం అతనికి నైట్ షిఫ్టు, అంటే పగలంతా నిద్ర. క్వార్టర్ గోడలు అప్పడాల్లా ఉంటాయి. నా గిటారు అతనికి రోజూ వినిపిస్తోంది. పోట్లాటకు వస్తాడేమో అనుకున్నాను. బుధవారం సాయంత్రం గోడ మీద తల పెట్టి చాలా మర్యాదగా పిలిచాడు.

"కొండలన్నా, మూడు దెబ్బలు వినవడుతున్నయి. గా తర్వాత వదినె మాట వినవడుతలేదు. ఏం చేస్తున్నవే?"

"సంగీతం."

"నాకూ జర కావాలె."

రాజలింగు బాధ ఏమిటంటే, అతను పగలు పడుకునే గదిలోనే అతని భార్య రాజక్క టీవీ సీరియల్ చూస్తుంది. నేను గిటారు భుజాన వేసుకుని వాళ్ళింటికి పోయి నులక మంచం మీద కూర్చున్నాను. రాజలింగు ధైర్యంగా మొదలుపెట్టాడు.

"రాజూ, రేపటి సంది నేను పండుకున్నప్పుడు టీవీ బంద్."

"నీకు పగలే నిద్ర, నాకు పగలే సీరియల్. నిద్ర రాకుంటె నువ్వు గూడ చూడు," అన్నది రాజక్క.

రాజలింగు నాకు సైగ చేశాడు. నేను వాయించాను. గది నిండా మోత నిండింది. రాజక్క నోరు మూసుకోలేదు, దగ్గరికి వచ్చి కూర్చుంది.

"మంచిగుంది కొండలన్నా. ఇంకోపారి కొట్టు. గిది దేనికి కొడుతరు?"

రాజలింగుది అమాయకపు ప్రాణం. "ఆడోళ్ళు మాట్లాడుడు ఆపనీకి," అన్నాడు.

రాజక్క నాకు టీ ఇచ్చింది. టీ తాగి నేను లేచేలోపు ఆమె మా ఇంట్లో ఉంది. నేను ఇల్లు చేరేసరికి వనిత చేతిలో ఫోన్ ఉంది, ఫోన్‌లో భూమిక ఉంది. అప్పటిదాకా వనిత నాకు ఏదో గాలి సోకిందని బాధపడిందట పాపం. ఇప్పుడు అంతా కుట్ర అని తెలిసిపోయింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తర్వాత తెలిసింది. వనిత ఒక్కటే ప్రశ్న అడిగిందట, ఈ రోగానికి మందు ఏంటని. నా కన్న బిడ్డ మందు చెప్పింది.

"మూడోది రానియ్యకవ్వ. రెండు కొట్టినంక ఆపు. ఇల్లు చేరకపోతె బాపు ఉండలేడు. ఎవరూ ఉండలేరు, పాట గట్లనే పని చేస్తది."

గురువారం సాయంత్రం గిన్నెల విషయంలో మాట పెరిగింది. గిటారు అందుకున్నాను. గోడ. పెరడు.

"భూమిక బాపు, పాలు పొంగుతున్నయి."

పాలు నా డ్యూటీ. పరుగెత్తాను. పొయ్యి మీద పాలే లేవు. తిరిగి వచ్చి ఇల్లు వాయించాను. కాని ఆ దెబ్బ గోడకు కొట్టిన సున్నంలా చప్పగా ఉంది. సమయం దాటాక వచ్చిన ఇల్లు ఇల్లు కాదని అప్పుడు తెలిసింది.

మళ్ళీ మొదలుపెట్టాను. గోడ. పెరడు.

"చొక్క మీద బల్లి."

ఎగిరి గంతేశాను. బల్లి లేదు. మూడోసారి ఏం చెప్పినా కదలకూడదని పళ్ళు బిగించాను. గోడ. పెరడు. ఈసారి వనిత దగ్గరికి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"చెయ్యి గింత సన్నబడ్డదేందయ్యా. మంచిగ తింటలేవా?"

పెళ్ళయిన కొత్తలో తప్ప అంత మెత్తగా మాట్లాడింది లేదు. చేయి అక్కడే కరిగిపోయింది. మూడు రోజులు కష్టపడి సంపాదించిన మొండితనం కూడా దానితోపాటే పోయింది.

ఆ రోజు మొదలు నాకు ఇల్లు దొరకలేదు. వచ్చీ రాని తుమ్ము ముక్కులో కూర్చుంటే ఎలా ఉంటుందో, అలా రెండు రోజులు గడిపాను. వనిత ఒకసారి గరిట, ఒకసారి గొళ్ళెం, ఒకసారి ఊరికే దగ్గు. రెండో దెబ్బకూ మూడో దెబ్బకూ మధ్య సరిగ్గా వచ్చి పడేది. తాళం అంత బాగా ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు.

శనివారం గనిలో బొగ్గు తొట్లు లాగే హాలేజీ గంట రెండుసార్లు మోగింది. నేను మూడోదాని కోసం చెవి రిక్కించి నిలబడిపోయాను. పంపు గుంటలో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. మా షిఫ్టు చూసే ఓవర్‌మన్ రామచంద్రం సార్ టార్చి నా మొఖం మీద వేశాడు.

"ఏం వింటున్నవ్ కొండల్?"

"ఇల్లు సార్."

ఆయన రేపటి నుంచి మూడు రోజులు లీవు రాసుకోమన్నాడు.

రేపు అంటే ఆదివారం. కైలాసం వచ్చే రోజు. వనిత దగ్గు, గరిట, బల్లి ఏవీ పనిచేయనంత పెద్ద మోత ఉంటే తప్ప స్కూటర్ దక్కదని తేలిపోయింది. పొద్దున్నే మైకుల హనుమండ్లు దగ్గరికి పోయాను. పెళ్ళిళ్ళకు, సభలకు మైకులు కట్టేవాడు. ఒక యాంప్లిఫయర్, రెండు హారన్ గొట్టాలు తెచ్చి వరండా చూరుకు కట్టించుకున్నాను. గిటారు ముందు మైకు పెట్టాడు.

"ఏం ఫంక్షన్ అన్నా?" అన్నాడు హనుమండ్లు.

"స్కూటర్‌ను నిలబెట్టే ఫంక్షన్," అన్నాను.

వనిత అంతా చూస్తూ మగ్గం చట్రానికి గుడ్డ బిగిస్తోంది. ఒక్క మాట అనలేదు. అనకపోవడం చూసైనా నాకు అనుమానం రావాల్సింది.

మధ్యాహ్నం రెండింటికి కైలాసం ట్రాలీ ఆటో వాకిట్లో ఆగింది. వనిత వరండాలోకి వచ్చింది.

"తీస్కపో కైలాసం. మాట అయిపోయింది."

కైలాసం స్కూటర్ హ్యాండిల్ మీద చేయి వేశాడు. నేను గోడ వాయించాను.

హారన్ గొట్టంలో పడ్డ గిటారు గిటారులా వినిపించలేదు. చిరిగిపోయి, గరగరలాడుతూ, కాలనీ మొత్తం మీద లేచింది. నీళ్ళ ట్యాంకు మీది పావురాలు లేచిపోయాయి. రాక్ మ్యూజిక్‌కు ఆ చిరుగే అందమని భూమిక చెప్పింది, నేను నమ్మలేదు. ఇప్పుడు నా ఒంటి మీద వెంట్రుకలు నిలబడ్డాయి. చేయి ఎత్తి పెరడు వాయించాను. అది మొదటిదానికంటే గట్టిగా, ఆగకుండా ఊఁ అని మోగింది.

మూడోదానికి చేయి ఎత్తాను. కొట్టాను. చెంచా పడ్డట్టు టింగ్ అన్నది.

వెనక్కి తిరిగి చూస్తే వనిత చేతిలో ప్లగ్గు ఉంది.

ఇంతలో వాకిట్లో ఏదో అలికిడి. మా గని సైరన్ ప్రతి షిఫ్టుకు ముందు మోగుతుంది. మొదట పైకి లేస్తుంది, కాసేపు నిలబడుతుంది, తర్వాత కిందికి దిగి ఆగుతుంది. అది దిగాక కాలనీలో మనుషులు అడుగు బయట పెడతారు. పుట్టినప్పటి నుంచి వింటున్న మోత, నిద్రలో కూడా కాళ్ళకు తెలుసు. నా గోడ, పెరడు వాళ్ళకు సైరన్ లేచినట్టే వినిపించాయి. దిగడం మాత్రం వినిపించలేదు.

రెండో షిఫ్టు వాళ్ళు ఎంగిలి చేతులతో బయటికి వచ్చి నిలబడ్డారు. నైట్ షిఫ్టు వాళ్ళు కళ్ళు నులుముకుంటూ వచ్చారు. రాజలింగు నెత్తిన హెల్మెట్, కాళ్ళకు గని బూట్లు, మధ్యలో లుంగీతో వచ్చాడు. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. కంగారులో రాజక్క అందులో కడిగిన పచ్చి బియ్యం పెట్టిందని తర్వాత తెలిసింది. నలభై మంది వీధిలో నిలబడి ఆకాశం వైపు చూస్తున్నారు. సైరన్ దిగలేదు కాబట్టి పోవాలో తెలియదు. లేచింది కాబట్టి పడుకోవాలో తెలియదు. ఒక్కొక్కరు ఒక కాలు ముందుకు ఎత్తి అలాగే ఉన్నారు.

"కొండలన్నా, గిది పొద్దుగాలనా, రాత్రా?" అన్నాడు రాజలింగు.

రామచంద్రం సార్ బైకు మీద వచ్చాడు. గొట్టాలు చూశాడు, గిటారు చూశాడు, నన్ను చూశాడు.

"నిన్న నువ్వు విన్న ఇల్లు గిదేనా కొండల్?"

నేను ప్లగ్గు వైపు చూశాను. ఆగిపోయిన పెరడు నా చెవుల్లోనే నిలబడి ఉంది. నలభై మంది చెవుల్లో కూడా నిలబడి ఉందని వాళ్ళ మొఖాలు చెప్తున్నాయి.

"వనితా, ప్లగ్గు పెట్టు," అన్నాను.

"ఎందుకు?"

"ఒక్కటే దెబ్బ. ఇల్లు ఒక్కటే మిగిలింది."

"స్కూటర్ ఇస్తవా?"

నేను స్కూటర్ వైపు చూశాను. మంథని దారిలో రెండుసార్లు ఆగిన స్కూటర్. తోసినప్పుడు వనిత మెట్టెల చప్పుడు.  ఇవ్వను అనడానికి నోరు తెరిచాను.

"ఇయ్యవే అన్నా," అన్నాడు రాజలింగు. "నా కాలు కిందికి దిగుతలేదు."

"గా స్కూటర్ మీద..." అన్నాను.

"ఇస్తవా, ఇయ్యవా?" అన్నది వనిత. ప్లగ్గు గోడకు అరడుగు దూరంలో పట్టుకుని నిలబడింది.

"జర పెట్టు వనితా. నీకు పుణ్యముంటది. ఇస్త."

"అందరు విన్నరా?"

"విన్నం," అన్నారు నలభై మంది. రామచంద్రం సార్ గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది.

ప్లగ్గు పెట్టింది. నేను ఇల్లు వాయించాను.

ఆ మోత వీధి చివరి దాకా పోయి మెల్లగా దిగింది. నలభై మంది ఒక్కసారే ఊపిరి వదిలారు. రాజలింగు అక్కడే కింద కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. రెండో షిఫ్టు వాళ్ళు అన్నం దగ్గరికి పోయారు. నాకు కూడా ఎంత హాయిగా అనిపించిందంటే, ఏం పోగొట్టుకున్నానో కొన్ని క్షణాలు గుర్తే లేదు.

"మాట అయిపోయింది," అన్నది వనిత.

గోడ దూకి వచ్చేవాడు బతిమాలడు అని భూమిక చెప్పింది. నేను గోడ దూకాను, పెరట్లోకి వచ్చాను, ఇంటి ముందు నలభై మంది ఎదుట నిలబడి తలుపు తియ్యండి అని బతిమాలాను. రాక్ మ్యూజిక్‌కు ఆ రోజు నా వల్ల చాలా నష్టం జరిగింది.

కైలాసం స్కూటర్‌ను ట్రాలీ ఎక్కిస్తుంటే చూడలేక లోపలికి పోయి పడుకున్నాను. లేచి వచ్చేసరికి వరండా అంతా మగ్గం చట్రం పరుచుకుని ఉంది. దాని ముందు నాలుగు ఇటుకల మీద స్కూటర్ సీటు ఉంది. వనిత దాని మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

"గీ సీటు గూడ ఇయ్యుమన్నడు కైలాసం," అన్నది తల ఎత్తకుండా. "నేను ఇయ్యలే. మంథని సంది గీ సీటు మీదనే కూసోని వచ్చిన. దీన్నెట్లిస్త?"

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిటారు చేతిలో ఉన్నా వాయించబుద్ధి కాలేదు.

ఇదీ జరిగింది. ఇక పెరటి తలుపు సంగతి. ఇప్పుడు పెళ్ళిళ్ళ కాలం. చట్రం చుట్టూ వనిత, రాజక్క, ఇంకో ఇద్దరు కూర్చుంటారు. పూసల పళ్ళాలు గుమ్మం దాకా ఉంటాయి. షిఫ్టు నుంచి వచ్చిన బొగ్గు కాళ్ళతో అటు పోతే ఏమవుతుందో ఒకసారి చూశాను, రెండోసారి చూడదలచుకోలేదు. అందుకని కాంపౌండ్ గోడ సందు నుంచి దూరి, పెరట్లోకి వచ్చి, అటు నుంచి ఇంట్లోకి పోతాను. గోడ, పెరడు, ఇల్లు. రోజూ అదే పాట.

ఇంకొకటి కూడా ఉంది, ఇది బయట చెప్పకండి. వనిత ఈ మధ్య నన్ను పేరు పెట్టి గాని, భూమిక బాపు అని గాని పిలవడం లేదు. కుడుతూ కుడుతూ సూది పిడితో చట్రం చెక్క మీద టక్ అంటుంది. కాసేపు ఆగి ఇంకోసారి టక్ అంటుంది. తర్వాత ఏమీ అనదు.

లోపల నేను పేపర్ చదువుతూ విననట్టు కూర్చుంటాను. ఎక్కువలో ఎక్కువ నాలుగు నిమిషాలు ఆగగలిగాను. అయిదో నిమిషానికి లేచి టీ పెట్టి, గ్లాసు తెచ్చి కిటికీ గట్టు మీద పెడతాను. అప్పుడు మూడోసారి టక్ అంటుంది. ఒళ్ళంతా హాయిగా ఉంటుంది.

వనిత ఒక గుటక వేసి, "చక్కెర తక్కువైంది. రేపు జర సరిగ్గ చూసి వెయ్యి," అంటుంది.

నేను "సరే" అంటాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనరు. ఆ లెక్కన చూస్తే ఆఖరి మాట రోజూ నాదే.